బోరు నీళ్లతో ఆరేడేళ్లు వాడిన టాప్ లోడ్ మెషీన్: ఆగకుండా నిండే నీళ్ల సంగతి

మాది 6.5 కిలోల ఫుల్లీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్. ఉతుకులో వంక పెట్టడానికి లేదు, దుప్పట్లకి కూడా మురికి బాగా వదులుతుంది, ఇక పిండడమైతే వానాకాలంలో ఫ్యాన్ కింద ఆరేసినా తెల్లారేసరికి ఆరిపోయేంత గట్టిగా పిండుతుంది. ఇన్నేళ్లలో టెన్షన్ పెట్టింది ఒక్క నీళ్ల విషయంలోనే.

మొదట్లో ఏమైందంటే మెషీన్ ఆఫ్‌లో ఉన్నా టబ్బులోకి నీళ్లు వస్తూనే ఉండేవి. ఇలాంటప్పుడు ముందు ప్లగ్గు పీకి చూడండి. కరెంటు లేకపోయినా నీళ్లు ఆగలేదంటే తప్పు వెనకాల పైపు బిగించే చోట ఉండే ఇన్‌లెట్ వాల్వ్‌ది. బోరు నీళ్లలోని ఇసుక నలుసో, సున్నపు గారో లోపలి రబ్బరు కింద ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు. మాది అదే, వాల్వ్‌లో నీళ్లు వచ్చే మూతి దగ్గరుండే జాలీ నిండా తెల్లగా గార. జాలీని నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి కడిగితే కొన్నాళ్లు నడిచింది, తర్వాత వాల్వే మార్పించాం, కొన్ని వందల్లో అయిపోయింది.

ఆ తర్వాతెప్పుడో మళ్లీ నిండడం మొదలైంది, కానీ ఈసారి ప్లగ్గు పీకగానే ఆగింది, పెడితే మళ్లీ వచ్చింది. అంటే వాల్వ్ బాగానే ఉంది, నీళ్లు చాలని దానికి చెప్పేవాళ్లే లేరు. వచ్చిన మెకానిక్ చూడకుండానే మెషీన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు పోయిందన్నాడు, వేలల్లో ఖర్చు. ముందు ఆ సన్నటి ట్యూబు చూడు తమ్ముడూ అని పట్టుబట్టాను. టబ్బు అడుగు నుంచి పైనున్న ప్రెషర్ సెన్సార్ దాకా వెళ్లే రబ్బరు ట్యూబు అది, నీళ్లు పెరిగేకొద్దీ అందులోని గాలి నొక్కుకుంటుంది, దాన్ని బట్టే మెషీన్‌కి మట్టం తెలుస్తుంది. తీరా చూస్తే సెన్సార్ దగ్గరి కొస గట్టిపడి, జుట్టంత సన్నగా చీలి ఉంది. ఆ ముక్క కోసేసి మిగతాది మళ్లీ తొడిగాడు, అంతే, బోర్డు జోలికే పోలేదు. కొన్నిటిలో ట్యూబు అడుగున సబ్బు జిడ్డు పేరుకున్నా ఇదే తంతు.

నీళ్లు వస్తున్నా మట్టం పెరగకపోతే మాత్రం డ్రెయిన్ పైపు కొస చూడండి, సన్నగా ధార కారుతుంటే డ్రెయిన్ వాల్వ్‌లో పిన్నీసో నాణెమో ఇరుక్కున్నట్టే.

ఉతుకు అయ్యాక కుళాయి కట్టేయడం ఇప్పుడు మా ఇంట్లో అందరికీ అలవాటైంది. కొత్తగా కొనేవాళ్లు, ముఖ్యంగా ట్యాంకు సరిగ్గా నెత్తి మీదే ఉండి నీళ్లు తక్కువ ప్రెషర్‌తో వచ్చే పైఅంతస్తు వాళ్లు, కనీసం ఎంత నీటి ప్రెషర్ కావాలో షాపులోనే అడగండి. చాలా వాల్వులు మూసుకోవడానికి కూడా ఆ ప్రెషరే ఆధారం.