చెల్సీ ఆకు పళ్లేలంటూ నకళ్లు అంటగడుతున్నారు, జాగ్రత్త

ఇంగ్లండ్‌లో ఉంటూ పాత పింగాణీ సేకరించే మనవాళ్లకి ఈ పోస్ట్. ఆన్‌లైన్ వేలంలో చెల్సీ (18వ శతాబ్దపు లండన్ పింగాణీ ఫ్యాక్టరీ) ఆకు ఆకారపు పళ్లేలు కొనేవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి.

నేను కొన్నది క్యాబేజీ ఆకు పళ్లెం. తొడిమే పిడి, ఈనెలకి ఎరుపు రంగు. ‘చెల్సీ, 1755 ప్రాంతం, ఎర్ర లంగరు గుర్తు’ అని రాసి అమ్మారు. పార్సిల్ విప్పి తిరగేస్తే, అడుగున సరిగ్గా మధ్యలో బొటనవేలి గోరంత లంగరు! లండన్‌లోని చెల్సీ ఫ్యాక్టరీ ఎర్ర లంగరు వేసింది సుమారు 1752 నుంచి 1756 దాకా. ఆ గుర్తు ఆరు మిల్లీమీటర్లు దాటడం అరుదు, వెతికితేగానీ కనబడదు.

అంచున చిన్న పెచ్చు లేచిన చోట భూతద్దంతో చూశాను. లోపల నున్నగా, గాజులా మెరుస్తోంది. చెల్సీది సాఫ్ట్ పేస్ట్ (తక్కువ వేడిలో కాల్చే మెత్తటి రకం) పింగాణీ, పెచ్చు లేచిన చోట గరుకుగా, రేణువులుగా ఉంటుంది. ఎర్ర లంగరు కాలపు పళ్లేలను దీపానికి అడ్డుపెడితే చాలావాటిలో తెల్లటి గుండ్రటి మచ్చలు కనిపిస్తాయి. దీనిలో ఒక్కటీ లేదు. అడుగున బట్టీ ఆనవాళ్లుగా మిగిలే మూడు చుక్కలూ లేవు. 19వ శతాబ్దంలో పారిస్‌లో శాంసన్ లాంటి వర్క్‌షాపులు ఇలాంటి హార్డ్ పేస్ట్ (ఎక్కువ వేడిలో కాల్చే, పెచ్చు లేస్తే గాజులా మెరిసే గట్టి రకం) నకళ్లు బోలెడు చేశాయి. నకలని చెప్పి అమ్మితే ఎవరికీ అభ్యంతరం లేదు. చెల్సీ పేరు పెట్టి చెల్సీ రేటు గుంజడం మాత్రం పచ్చి మోసం.

అప్పట్లో సంపన్నుల ఇళ్లలో భోజనం చివర పళ్లూ మిఠాయిలూ ఇలాంటి ఆకు పళ్లేల్లో కూడా వడ్డించేవారు. ఇంగ్లండ్‌లోనే ఉన్న బో, వూస్టర్ పింగాణీ ఫ్యాక్టరీలు ఊరగాయల కోసం అరచేతిలో ఇమిడే ఆకు పళ్లేలు చేసేవి. మన దేశం నుంచి ఓడల్లో వెళ్లిన మామిడికాయ ఊరగాయ కూడా ఆ కాలపు ఇంగ్లిషు భోజనాల్లో ఉంది. అందుకే మనవాళ్లు వీటిని ముచ్చటపడి కొంటారు. (అసలైనది దొరికినా అందులో ఊరగాయ వేయకండి. పైపూతలో సీసం ఉంటుంది, పులుపుకి అది దిగుతుంది.)

అమ్మినవాళ్లు ‘వేలం అయిపోయింది, వాపసు లేదు’ అంటున్నారు. కార్డు కంపెనీకి ఫిర్యాదు ఇచ్చాను, ఇంకా తేలలేదు. మీరు మాత్రం లంగరు పక్కన స్కేలు పెట్టి తీసిన ఫొటో, వెనక దీపం పెట్టి తీసిన ఫొటో, పెచ్చు ఉంటే దాని దగ్గరి ఫొటో అడగండి. అసలైనది కాకపోతే డబ్బు వెనక్కి ఇస్తామని రాతపూర్వకంగా తీసుకోండి. ఇవ్వనంటే అక్కడ కొనొద్దు.