గోధుమరంగు గుడ్లకు ఏది మేలు: గ్రామప్రియ పెట్టలా, ఎంచి పెంచిన నాటు కోళ్లా?

పెరట్లో పది పన్నెండు కోళ్లు పెంచుకునే మిత్రులు ఈ మధ్య పదేపదే అడుగుతున్న ప్రశ్న ఒకటే. నాటు గుడ్లుగా మంచి ధర పలికే గోధుమరంగు గుడ్లు ఒకే ఛాయలో రావాలంటే గ్రామప్రియ అనే సంకర రకం కోడిపిల్లలను కొనడం మేలా, లేక ఉన్న నాటు పెట్టలలోనే ఎంపిక చేసుకుంటూ పోవడం మేలా? మేత మారిస్తే రంగు మారుతుందన్న ఆశను మాత్రం ముందే వదులుకోవాలి.

గుడ్డు చుట్టూ పెంకు కట్టడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. గోధుమరంగునిచ్చే ప్రోటోపార్ఫిరిన్ అనే వర్ణకం చాలావరకు ఆఖరి కొన్ని గంటల్లో పైపూతలా అంటుకుంటుంది, అందుకే ఆ గుడ్డును పగలగొట్టి చూస్తే పెంకు లోపలి వైపు తెల్లగానే ఉంటుంది. ఈ పూత ఎంత చిక్కగా పడాలన్నది ఒక్క జన్యువు చేతిలో లేదు, అనేక జన్యువులు తలా కొంచెం పాలు పంచుకుంటాయి. తెల్ల గుడ్లు పెట్టే వైట్ లెగ్‌హార్న్ జాతిని గోధుమరంగు గుడ్లు పెట్టే రోడ్ ఐలాండ్ రెడ్‌ జాతితో కలిపితే కూతుళ్లు లేత మీగడ రంగు గుడ్లు పెట్టడానికి కారణం ఇదే.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం పెరటి పెంపకం కోసమే రూపొందించిన గ్రామప్రియ ఏడాదికి 150కి పైగా గోధుమరంగు గుడ్లు పెట్టగలదు. నాటు పెట్ట వంద దాటితే గొప్పే. ఆరు నెలల్లో గుడ్లు అమ్మి నాలుగు డబ్బులు చూడాలనుకునేవారికి గ్రామప్రియకు మించినది లేదు. అయితే అది సంకర రకం కనుక, దాని గుడ్లనే పొదిగిస్తే వచ్చే తరంలో గుడ్ల సంఖ్యా నిలవదు, రంగూ ఒక్కొక్క పెట్టకు ఒక్కొక్క విధంగా చీలిపోతుంది. పైగా ఆ పెట్టలు పొదుగుకు కూర్చోవు. అంటే మంద తీరిన ప్రతిసారీ పిల్లలను కొనుక్కోవలసిందే. మరో పెరటి రకమైన వనరాజా మాంసానికీ గుడ్లకూ కలిపి ఉద్దేశించినది కనుక ఈ పోలికలో దాన్ని పక్కన పెడుతున్నాను.

నాటు కోళ్ల విషయంలో ఫలితాన్ని తేల్చేది నా దృష్టిలో పెట్ట కాదు, పుంజు. కూతురి గుడ్డు రంగులో సగం వాటా తండ్రిదే అయినా, అది గుడ్డు పెట్టదు కనుక ఆ వాటా ఎంతో మన కంటికి కనబడదు. మనవాళ్లు పుంజును ఈకల రంగు చూసో, ఒడ్డూ పొడుగూ చూసో, బరిలో సత్తా చూసో ఉంచుకుంటారు. నేనూ మొదట్లో నిప్పులాంటి ఈకలున్న పుంజును ఏరికోరి తెచ్చుకుని, చిక్కటి గోధుమరంగు గుడ్లు పెట్టే పెట్టలతో వదిలాను. ఏడాది తిరిగేసరికి దాని కూతుళ్లన్నీ వెలిసిపోయిన గుడ్లు పెట్టాయి. పుంజు పుట్టిన గుడ్డు ఏ రంగుదో, దాని తోబుట్టువు పెట్టలు ఏ రంగు గుడ్లు పెడుతున్నాయో విచారించాలన్న సంగతి అప్పుడు గానీ తెలిసిరాలేదు. తోబుట్టువుల గుడ్లు మరింత నమ్మదగిన ఆధారం, ఎందుకంటే వాటిలో తల్లి వాటాతో పాటు తండ్రి వాటా కూడా బయటపడుతుంది.

నీలం గుడ్ల గురించి అడిగేవారూ ఉన్నారు. చిలీ దేశపు అరౌకానా కోళ్లలో ఆ రంగు ఒకే ఒక్క బలమైన జన్యువు వల్ల వస్తుంది. పూర్వమెప్పుడో ఒక వైరస్ ముక్క కోడి జన్యుపదార్థంలో చేరడమే దానికి మూలమని 2013లో తేలింది. ఆ నీలం రంగు పెంకు మందమంతా వ్యాపిస్తుంది, దానిమీద గోధుమ పూత పడితే ఆకుపచ్చ గుడ్డు వస్తుంది. ఆ జాతిలో బఠాణీ తురాయిని, అంటే తలపై మూడు వరుసలుగా ఉండే పొట్టి తురాయిని, నీలం జన్యువుకు గుర్తుగా చూస్తారు గానీ, మన అసీల్ కోళ్లకూ అదే తురాయి ఉంటుంది, నీలం గుడ్లు మాత్రం ఉండవు, కనుక ఆ గుర్తు ఇక్కడ పనికిరాదు. కడక్‌నాథ్ మాంసం నల్లగా ఉన్నా గుడ్డు లేత రంగుదే.

ఎంపికలో ఒక జాగ్రత్త అవసరం. గుడ్లు పెట్టే కాలం గడిచేకొద్దీ ఛాయ సహజంగానే తగ్గుతుంది. ఎండ తీవ్రత, కొక్కెర తెగులు, కాక్సిడియోసిస్ అనే పేగు జబ్బుకు వాడే నికార్బజిన్ వంటి మందులు కూడా పెంకును పాలిపోయేలా చేస్తాయి. అందుచేత పెట్టలను పోల్చేటప్పుడు గుడ్లు మొదలైన తొలి నెలల్లో, ఆరోగ్యంగా ఉన్నప్పుడు పెట్టినవే లెక్కలోకి తీసుకోవాలి.

నేనైతే నాటు కోళ్లనే ఉంచుకున్నాను. ఏ గుడ్డు ఏ పెట్టదో పెన్సిలుతో గుర్తు పెట్టి, చిక్కటివే పొదుగు కింద ఉంచుతాను. మూడు తరాలు పట్టే పని ఇది, గుడ్లూ తక్కువే, కానీ పిల్లల కోసం ఎవరి దగ్గరికీ వెళ్లనక్కరలేదు. రక్తసంబంధం దగ్గరవకుండా రెండేళ్లకొకసారి పక్క ఊరి నుంచి పుంజును మార్చుకుంటాను, అదీ దాని తోబుట్టువు పెట్టల గుడ్లు చేతిలోకి తీసుకుని చూసిన తరువాతే.