తెర లేని పెన్ టాబ్లెట్, క్రిటా: ఫ్యాన్ ఆర్ట్ వేసేవాళ్లకు ఎంతవరకు పనికొస్తాయి?

పెన్ టాబ్లెట్ల మీద రివ్యూలు చాలావరకు డబ్బా విప్పిన వారంలోనే రాసేస్తారు. గీత నున్నగా వస్తోందా, బటన్లు ఎన్ని అన్న దగ్గరే ఆగిపోతాయి. నేను హనుమకొండలో డీటీపీ పని చేస్తాను. పగలంతా పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు. రాత్రి ఇష్టమైన గేమ్ క్యారెక్టర్ల బొమ్మలు వేసుకుంటాను. అందుకోసం కొన్న చిన్న టాబ్లెట్‌ను (కంప్యూటర్‌కు తగిలించి పెన్నుతో గీసే పలక) బొమ్మలు వేసే క్రిటా సాఫ్ట్‌వేర్‌తో కలిపి ఏళ్లుగా వాడుతున్నాను. ఇంతకాలం వాడాక గట్టిగా చెప్పగలిగేది ఒకటే. గీసిన బొమ్మను నలుగురికీ చూపించి, వాళ్లు చెప్పింది విని, మళ్లీ దాని ముందు కూర్చున్నప్పుడే ఈ జోడీ అసలు విలువ తెలుస్తుంది.

నేను ఎక్కువగా వేసేది రాజీని. ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ వాళ్లు చేసిన గేమ్. 2020లో వచ్చింది, ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో తొలి గేమ్‌ల విభాగంలో నామినేషన్ కూడా దక్కించుకుంది. సర్కస్‌లో విన్యాసాలు చేసే అమ్మాయి రాజీ, రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలు కోసం దుర్గమ్మ ఇచ్చిన త్రిశూలం పట్టుకుని బయల్దేరుతుంది. మధ్యమధ్యలో కథ తోలుబొమ్మలాట పద్ధతిలో నడుస్తుంది. మన ఇంటి పిల్లలా అనిపించే హీరోయిన్ గేముల్లో దొరకడం అరుదు. అందుకే ఆమెను మా ఊరి పరిసరాల్లో చూసుకోవాలని నాకు తపన. వేయిస్తంభాల గుడి మండపంలో వేశాను, బతుకమ్మ ఎత్తుకున్నట్టు వేశాను, రామప్ప గుడి మదనికల, అంటే రాతి నర్తకి బొమ్మల, పక్కన నిలబెట్టాను.

టాబ్లెట్ కంపెనీ పేరు చెప్పడం లేదు, తక్కువ ధరలో దొరికేవన్నీ దాదాపు ఒకే తీరుగా పనిచేస్తాయి. చెయ్యి బల్ల మీద, చూపు మానిటర్ మీద. మొదట్లో చిరాకు పుడుతుంది, ఓపిక పడితే చెయ్యే దారి పడుతుంది. ముందుగా చూసుకోవాల్సింది కొలతల నిష్పత్తి. టాబ్లెట్ 16:10, మానిటర్ 16:9 ఉంటే గుండ్రంగా గీసింది కోలగా వస్తుంది. డ్రైవర్ సెట్టింగుల్లో నిష్పత్తి సరిచేసే ఆప్షన్ ఉంటుంది, అది పెట్టుకోకుండా ప్రాక్టీస్ మొదలుపెట్టొద్దు. పెన్ను ఎంత గట్టిగా నొక్కుతున్నామో పసిగట్టే ఒత్తిడి స్థాయిలు 4096 అయినా 8192 అయినా నా చేతికి తేడా తెలియలేదు. క్రిటా సెట్టింగుల్లో ఒత్తిడి గ్రాఫ్‌ను నా చేతి బరువుకు తగ్గట్టు వంచుకున్నాక మాత్రం గీత మారిపోయింది, మణికట్టు నొప్పి కూడా తగ్గింది.

పెన్నుకు బ్యాటరీ లేదు, ఛార్జింగ్ గొడవే లేదు. నిబ్బు అరుగుతుంది. ఒక పక్క చదునై అంచు పదునెక్కితే టాబ్లెట్ మీద గీతలు పడతాయి, అంతదాకా ఉంచకూడదు. మా దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో అరచెయ్యి చెమటకు అతుక్కుపోయి పొడవాటి గీత మధ్యలో ఆగుతుంది. చేతి కింద మడతపెట్టిన నూలు కర్చీఫ్ పెట్టుకుంటాను. కేబుల్ గుచ్చే చోటు కాలం గడిచేకొద్దీ వదులైంది. ఈసారి కొంటే పాత మైక్రో యూఎస్‌బీ కాకుండా టైప్-సి ఉన్నదే తీసుకుంటాను.

క్రిటా ఉచితం. ఇష్టమైతే, గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లోనూ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనూ డబ్బు పెట్టి కొనొచ్చు, ఆ డబ్బు తయారీకే వెళ్తుంది. ర్యామ్ తక్కువున్న ల్యాప్‌టాప్‌లో కాన్వాస్ పెద్దదై, లేయర్లు (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు) పెరిగితే నెమ్మదిస్తుంది. తెలుగు అక్షరాలు నేను పత్రికలు చేసే సాఫ్ట్‌వేర్‌లోనే వేసుకుంటాను.

ఇక ఫీడ్‌బ్యాక్. రామప్ప బొమ్మ వేసినప్పుడు గేమ్ ఆడే స్నేహితులు ముందు దుస్తులు, త్రిశూలం ఆకారం చూశారు. స్క్రీన్‌షాట్లను రిఫరెన్స్ బొమ్మలుగా కాన్వాస్ పక్కనే పెట్టుకునే వీలుంది కాబట్టి అవి సరిచూసుకోవడం తేలిక. మాకు తెలిసిన రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు మాత్రం చాలాసేపు చూసి ఒక్క మాటన్నారు: “త్రిశూలం చేతుల ఉన్నది గని, దాని బరువు ఒంట్ల లేదమ్మా.” ఆ మాట పట్టుకుని ములుగు దాటి పాలంపేటలోని రామప్ప గుడికి పోయాను. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. ఎర్రని గుడి చూరు కింద నల్లరాతి మదనికలు. వాటిలో ఒకదాని కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా చూశాను. ఒంటి బరువంతా ఒక కాలి మీద, ఆ వైపు నడుము బయటికి, భుజం కిందికి. రెండో కాలు ఊరికే ఆనించి ఉంది. రాతిలో కూడా బరువు ఎటు దిగుతోందో కంటికి తెలుస్తోంది.

ఇంటికొచ్చి ఫైలు తెరిచాను. నడుము పైభాగం లేయర్లన్నీ ఒక గ్రూపులో ఉన్నాయి. ట్రాన్స్‌ఫామ్ టూల్‌లో, గీసినదాన్ని మైనంలా లాగి జరిపే లిక్విఫై తీసుకుని నడుమును కుడివైపు జరిపాను, అదే వైపు భుజాన్ని కిందికి దించాను, త్రిశూలం పట్టిన చెయ్యిని మోచేతి దగ్గర వంచి మళ్లీ గీశాను. కీబోర్డు మీద ఎం అక్షరం నొక్కితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. అలా చూస్తే ఎడమ పాదం గాల్లో ఉన్నట్టు తెలిసిపోయింది, దాన్నీ నేలకు దించాను. వెనుక గుడి లేయర్‌ను ముట్టుకునే పనే పడలేదు. కాగితం మీదైతే ఆ మాట విని నిట్టూర్చి, ఇంకో కాగితం తీసేదాన్ని.

బతుకమ్మ బొమ్మకు మా వాడకట్టు ఆడవాళ్లే పరీక్ష పెట్టారు. పక్కింటి పెద్దమ్మ ఫోన్ కళ్ల దగ్గరగా పెట్టుకుని, “గునుగు గిట్ల విడివిడిగ కాదు బిడ్డా, కట్టలు కట్టి, కొసలు రంగుల ముంచి, వరుసగ తిప్పాలె” అన్నది. ఒక గునుగు కట్ట గీసి, దాన్నే కాపీ చేసి వరుస తిప్పాను. వరుసకో లేయర్ పెట్టి, రంగు మార్చే సెట్టింగ్‌తో గులాబీ, నీలం, ఆకుపచ్చ చేశాను. పెద్దమ్మ మనవరాలికి ఇంకో అనుమానమొచ్చింది. “అక్కా, బతుకమ్మ నెత్తి మీద పెట్టుకుంటే త్రిశూలం ఏడ పెట్టింది?” ఎంత మంచి ప్రశ్న! ఇప్పుడు ఆ బొమ్మలో త్రిశూలం చెరువుగట్టు మెట్లకు ఆనించి ఉంటుంది. ఆ ఒక్క మార్పుతో బొమ్మకు కథ వచ్చింది.

‘సూపర్ అక్కా’ అంటే సంతోషమే, దాంతో బొమ్మ మాత్రం ముందుకు కదలదు. అందుకే బొమ్మతో పాటు ఒక ప్రశ్న కూడా పంపిస్తాను: “నిలబడిన తీరు సహజంగా ఉందా?”, “వెలుతురు ఎటు నుంచి వస్తున్నట్టుంది?” అప్పుడు మొహమాటపడేవాళ్లు కూడా నోరు విప్పుతారు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సన్న గీతలు చెదిరిపోతాయి, పీఎన్‌జీ ఫైలును డాక్యుమెంట్‌గా పంపండి. లేయర్లున్న క్రిటా ఫైలును ఎప్పుడూ చెరపొద్దు. ప్రింట్ తీయించేముందు, అచ్చులో రంగులు ఎలా వస్తాయో తెర మీదే చూపే సాఫ్ట్ ప్రూఫ్‌లో చూసుకోండి. తెర మీద మెరిసే నీలం సీఎంవైకేలోకి (అచ్చు సిరాల నాలుగు రంగుల్లోకి) వచ్చేసరికి చల్లారిపోవడం నేను ఫ్లెక్సీల్లో రోజూ చూసేదే.

ఈ మధ్య “ఇది ఏఐతో చేశావా?” అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. రాత్రుళ్లు కూర్చుని వేసిన బొమ్మ గురించి ఆ మాట వింటే నిజంగా బాధేస్తుంది. క్రిటాలో రికార్డర్ అని ఉంది, గీసిందంతా టైమ్‌లాప్స్ వీడియోగా దాస్తుంది. అడిగినవాళ్లకు అది పంపిస్తాను. ఒకరిద్దరు ఆ వీడియో చూశాకే బొమ్మలు నేర్చుకుంటామని నా దగ్గరికొచ్చారు. క్యారెక్టర్ మాత్రం ఆ గేమ్ చేసినవాళ్లది. కాబట్టి కింద ‘ఫ్యాన్ ఆర్ట్’ అని రాసి గేమ్ పేరు వేస్తాను, టీషర్టుల మీద వేసి అమ్మమని అడిగినా ఒప్పుకోను.

తెర ఉన్న టాబ్లెట్ కొనే స్తోమత ఉంటే అది చేతికి త్వరగా అలవాటవుతుంది, నిజమే. నా పనికి ఆ లోటు ఇప్పటిదాకా కనిపించలేదు. మొదటిసారి కొనేవాళ్లు మరీ చిన్న సైజు కాకుండా మధ్యస్థం తీసుకోండి, చెయ్యి మోచేతి నుంచి ఆడుతుంది. నిబ్బుల ప్యాకెట్ ఒకటి అప్పుడే కొనిపెట్టుకోండి.