ఎసెక్స్ తరగతి నౌక డెక్‌కు వాడుక మరకలు: వాష్, ఆయిల్ రంగులు, పొడి రంగుల్లో ఏది మేలు?

రెండవ ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ ఎసెక్స్ తరగతి విమానవాహక నౌకను 1/350 స్కేలు మోడల్‌గా (అసలులో 350వ వంతు) కడితే సుమారు 76 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. చూసేవారి కన్ను మొదట పడేది డెక్ మీదే కనుక, నౌక పక్కలకు ఎంత శ్రద్ధగా రంగు వేసినా డెక్ ఒకే రంగు పూసిన బల్లలా ఉంటే మోడల్‌కు జీవం రాదు. నెలల తరబడి విమానాలు దిగిన డెక్‌లా దాన్ని చూపడానికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి: పలకల సందుల్లోకి ముదురు వాష్ (నీళ్లలా పలుచన చేసిన రంగు) పారించడం, ఆయిల్ రంగుల చుక్కలు పెట్టి లాగడం, పొడి రంగులు అద్దడం. మూడూ చేసి చూశాక నా మొగ్గు ఆయిల్ రంగుల వైపే నిలిచింది.

ఎందుకో తెలియాలంటే ముందు అసలు డెక్ స్వభావం చూడాలి. ఈ నౌకల డెక్ పైభాగం చెక్క పలకలతో పరచినది. పలకలు నౌక పొడవునా కాక అడ్డంగా ఉండేవి. వాటి నడుమ విమానాలను కట్టివేయడానికి సన్నని ఉక్కు పట్టీలు ఉండేవి. చెక్కకు పట్టించినది నీలి ఛాయ గల ముదురు స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) కనుక ఎండకూ రాపిడికీ అది వెలిసి, కింది చెక్క బూడిద వన్నెతో బయటపడేది. చక్రాల జాడలు మాత్రం పలకలకు లంబంగా, ముందు నుంచి వెనక్కు సాగుతాయి. వెలసిన ఛాయ ఒక దిశలోనూ టైర్ల జాడ మరో దిశలోనూ కనబడటమే ఈ డెక్ అందం. ఇక్కడొక హెచ్చరిక: ఈ తరగతిలో నాలుగు నౌకలు నేటికీ మ్యూజియాలుగా ఉన్నాయి, కాలిఫోర్నియాలోని మనవాళ్లకు అలమీడాలో ఉన్న హార్నెట్ దగ్గరే, అయితే యుద్ధం తరువాత వాటికి ఏటవాలు ల్యాండింగ్ డెక్ అమర్చారు కనుక నేటి ఫొటోలను చూసి 1944 నాటి డెక్‌కు రంగు వేస్తే తప్పవుతుంది.

వాష్ చవక, త్వరగా అయిపోతుంది, కొత్తవారికి వెంటనే ఫలితం చూపుతుంది. దాని లోపం లెక్కలోనే తెలుస్తుంది. 30 సెంటీమీటర్ల దూరం నుంచి 1/350 మోడల్‌ను చూడటమంటే అసలు నౌకను 105 మీటర్ల దూరం నుంచి చూడటం. అంత దూరంలో ఏ కంటికీ పలకల సందులు నల్లని గీతల్లా కనిపించవు. కిట్‌లో చెక్కిన గాళ్లు అసలే స్కేలుకు మించి వెడల్పు, వాటిని నలుపుతో నింపితే డెక్ గళ్ల కాగితంలా మారుతుంది. అందుకే నేను వాష్‌ను ఎలివేటర్ల (విమానాలను డెక్ మీదికి చేర్చే లిఫ్టుల) అంచులకూ ఉక్కు పట్టీలకూ పరిమితం చేస్తాను. ఎలివేటర్ చుట్టూ ఉన్నది నిజమైన ఖాళీ, అక్కడ నలుపు న్యాయమే.

ఆయిల్ రంగుల పని నిదానం. మూల రంగు ఆరాక దాని మీద అక్రిలిక్ క్లియర్ కోటు (రంగులేని రక్షణ పూత) తప్పనిసరి; మూల రంగు ఎనామెల్ అయితే ఆ కోటు లేకుంటే, ఆయిల్ రంగులను పలుచన చేసే వైట్ స్పిరిట్ దాన్ని కరిగించేస్తుంది. ట్యూబు రంగును ముందుగా అట్టముక్క మీద పిండి కాసేపు ఉంచితే అందులోని నూనె అట్టకు పీల్చుకుపోయి, ఆరాక మెరుపు తగ్గుతుంది. అరచేతి వెడల్పు భాగం చొప్పున తీసుకుని, లేత బూడిద, బఫ్ (లేత పసుపు గోధుమ) చుక్కలను పలకల దిశలో అడ్డంగా లాగి, వెలసిన ఛాయ తెప్పించాలి. అది ఆరిన తరువాతే పేన్స్ గ్రేను (నీలి ఛాయ గల ముదురు బూడిద రంగు) బాగా పలుచన చేసి, తీగలు విమానాలను పట్టి ఆపే వెనుక భాగంలో నిలువుగా లాగాలి. నచ్చకపోతే తడి ఆరకముందే తుడిచివేయవచ్చు, ఈ వెసులుబాటు మిగతా రెండింటిలో ఇంతగా లేదు. రోజులు పడుతుంది, వాసన వస్తుంది, కిటికీ తెరిచి పనిచేయాలి. అయినా రెండు దిశల అరుగుదలను విడివిడిగా చూపగలిగేది ఇదొక్కటే.

పొడి రంగులు నేల మీద తిరిగే ట్యాంకుల దుమ్ముకు తగినవి. 0.1 మిల్లీమీటరు రేణువు ఈ స్కేలులో మూడున్నర సెంటీమీటర్ల గడ్డ అవుతుంది. పైగా పొడిని అంటిపెట్టే ద్రవం, ఫిక్సర్, పడగానే ఛాయ మారుతుంది. టైర్ల నలుపుకు చిటికెడు చాలు.

ఇంకా చిన్నదైన 1/700 స్కేలులో పలకల మధ్య వాష్ పూర్తిగా మానివేయడమే మంచిది. నిమిట్జ్ తరగతి వంటి నేటి నౌకల ఉక్కు డెక్ మీద పలకలే ఉండవు, జారకుండా వేసిన గరుకు పూతకు చేసిన మరమ్మతుల అతుకులే కనిపిస్తాయి. వాటిని ఎయిర్ బ్రష్‌తో ముందే వేసుకుని, ఆపైన ఆయిల్ రంగులు వాడాలి.

ఏ నౌకైనా విమానాలను ఎక్కడ అతికిస్తారో ముందే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఎసెక్స్‌లో బయలుదేరడానికి విమానాలు డెక్ వెనుక భాగంలో గుమిగూడేవి, దిగిన తరువాత ముందుకు చేరేవి. బర్న్ట్ అంబర్‌తో (ముదురు గోధుమ రంగు) పెట్టే సన్నని ఇంజిన్ నూనె చుక్కలు ఆ రెండు చోట్లనే, ఇంజిన్ల కిందనే పడాలి.