మీడియేషన్‌లో విడాకులు: మూడేళ్ల తర్వాత నా రివ్యూ

పెళ్లికి నాన్న ఇచ్చిన స్టీలు బిందెల మీద ఒక సిట్టింగ్ మొత్తం పోయింది. బాబు ఎప్పుడు ఎవరి దగ్గర ఉండాలన్నది మాత్రం ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. అప్పుడు అదే గొప్ప అనుకున్నాను.

అంతకుముందు పెద్దమనుషులు మూడుసార్లు కూర్చున్నారు. మా పెద్దనాన్న "సర్దుకుపోవాలమ్మా" అంటారు, వాళ్ల మేనమామ "మావాడు చేసిన తప్పేంటి" అంటారు, కాఫీలు తాగి లేస్తారు. 2021లో ఆయన విడాకుల కేసు వేశారు, నేను మనోవర్తికి వేశాను. ఏడాది పైగా వాయిదాలు తిరిగాక జడ్జిగారు మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి ముందు కూర్చుని మాట్లాడి తేల్చుకోవడానికి పంపారు. మళ్లీ పంచాయితీయేనా అని విసుక్కుంటూ వెళ్లాను.

మీడియేటర్ ట్రైనింగ్ తీసుకున్న ఒక లేడీ అడ్వొకేట్. కోర్టు పంపింది కాబట్టి ఆమెకు మేం ఫీజేమీ కట్టలేదు. మొదటే చెప్పారు: "ఇక్కడ మాట్లాడింది కోర్టులో వాడుకోవడానికి లేదు. కుదిరిందా, లేదా అన్నదే నేను జడ్జిగారికి రాస్తాను." తర్వాత ఇద్దరితో కలిపి, ఆపైన విడివిడిగా మాట్లాడారు. విడిగా కూర్చున్నప్పుడే నాకు తిరిగి వెళ్లాలని లేదన్న మాట మొదటిసారి నోటి వెంట వచ్చింది. మా ఇంట్లో హాల్లో అన్న మాట సాయంత్రానికల్లా కూకట్‌పల్లిలో వాళ్లింటికి చేరేది మరి.

తప్పెవరిదని మాత్రం మేడమ్ ఒక్కసారి కూడా అడగలేదు. ఆయనదే తప్పని ఎవరైనా అంటే వినాలని నాకుండేది. అది కావాలనుకునేవాళ్లకు మీడియేషన్ చప్పగా ఉంటుంది.

ఇక బిందెలు. రెండు పెద్ద గంగాళాలు వాళ్లమ్మ కొన్నవని ఆయన వాదన. "వాటి మీద పేరేమైనా ఉందా?" అన్నారు మేడమ్. ఇంటి నుంచి ఫొటోలు తెప్పించారు. జూమ్ చేస్తే ఒకదాని అంచు కింద చుక్కలు చుక్కలుగా నాన్న పేరు, మా పెళ్లి తేదీ. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. "తీసుకెళ్లమనండి" అన్నారాయన మేడమ్‌తో. అవి ఇప్పుడు ఉప్పల్‌లో మా అటక మీద ఉన్నాయి. ఒక్కసారి కూడా దించలేదు.

డబ్బు విషయం అనుకున్నంత కష్టం కాలేదు. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం అఫిడవిట్‌గా ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆయన జీతమెంతో, హోమ్ లోన్ ఎంతో అప్పటికే కాగితం మీద ఉంది. ఒప్పుకున్న మొత్తంలో సగం పరస్పర అంగీకార విడాకుల మొదటి పిటిషన్‌తో, మిగతా సగం రెండోసారి హాజరైనప్పుడు డీడీగా ఇచ్చేటట్టు రాసుకున్నాం.

మీడియేటర్ విడాకులు ఇవ్వరు, డిక్రీ జడ్జిగారే ఇవ్వాలి. పరస్పర అంగీకారంతో వేసినా చట్టప్రకారం మధ్యలో ఆరు నెలలు ఆగాలి. మేం విడిగా ఉండి అప్పటికే రెండేళ్లు దాటింది, అన్నీ తేలిపోయాయి. 2017 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఆ ఆరు నెలలూ మినహాయించారు. 2022 చివర్లో డిక్రీ చేతికొచ్చింది.

బాబు విషయంలో మేడమ్ ఇచ్చిన ఒక ఐడియా ఈ మూడేళ్లూ నిలబడింది. నేను ఉప్పల్ నుంచి మెట్రో బ్లూ లైన్, ఆయన కేపీహెచ్‌బీ నుంచి రెడ్ లైన్. రెండూ కలిసేది అమీర్‌పేటలో. ఆదివారం పొద్దున పదింటికి అక్కడ అప్పగించడం, సాయంత్రం ఆరింటికి అక్కడే తీసుకోవడం. ఒకరి గుమ్మం ఒకరు తొక్కక్కర్లేదు. ఏ లిఫ్టు దగ్గర నిలబడాలో ఇప్పుడు బాబే చెప్తాడు.

కానీ సెలవుల గురించి రాసుకుంది ఒకటే లైను: "ఇద్దరూ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి." మేం మాట్లాడుకోగలిగితే అక్కడిదాకా ఎందుకు వెళ్తాం! మొదటి సంక్రాంతికే ఆయన భీమవరానికి, నేను ఖమ్మానికి టికెట్లు తీశాం, వాడిది రెండింట్లోనూ. స్కూల్ ఫీజు సగం సగం అని రాశాం, స్కూల్ వ్యాన్, పుస్తకాలు అందులోకి వస్తాయో లేదో రాయలేదు. ఏటా జూన్ వచ్చిందంటే వాట్సాప్‌లో గొడవ, నాకు నిద్ర లేదు. పోయిన ఏడాది ఫీజు కట్టి ప్రైవేటు మీడియేటర్ దగ్గర రెండు గంటలు కూర్చుని ఇవన్నీ విడివిడిగా రాయించుకున్నాం. పిల్లల కస్టడీ షరతులు డిక్రీ తర్వాత కూడా కోర్టు మార్చవచ్చు కాబట్టి ఆ కాగితం అక్కడా దాఖలు చేశాం.

చేయి చేసుకునే మనిషితో, ఎదురుగా కూర్చోవడానికే భయపడాల్సిన మనిషితో ఇది వద్దంటాను. మిగతావాళ్లు కేసు దాకా కూడా ఆగక్కర్లేదు. ముందే మీడియేషన్ కోసం న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. నాకు అన్నీ అయ్యాకే తెలిసింది.

సంతకానికి ముందు ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని, పక్కన క్యాలెండర్ పెట్టుకుని చదవండి. మేం బిందెల జాబితా మాత్రం రెండుసార్లు చదువుకున్నాం.