బూమ్‌వ్యాకర్స్: ఒక్కొక్కరికీ ఒక్కో స్వరం

బూమ్‌వ్యాకర్స్ అంటే తరగతిలో పిల్లలు కొట్టి వాయించే ఎనిమిది రంగురంగుల బోలు ప్లాస్టిక్ గొట్టాలు. ఒక్కోదానికి ఒకే స్వరం. అన్నిటికన్నా పొడుగైన ఎర్రది సుమారు 63 సెంటీమీటర్లు. దాన్ని షడ్జం (స) అనుకుంటే మిగతావి పై షడ్జం దాకా వరసగా శంకరాభరణం రాగం స్వరాలు. చేతిలో ఒక్క స్వరమే ఉన్నప్పుడు పక్కవాళ్లను వినక తప్పదు. ఈ సెట్టు కొనడానికి అదొక్కటి చాలు.

మొదటి రోజే ఎనిమిదీ పంచకండి. మ, ని తీసేస్తే మిగిలేవి మోహన రాగం స్వరాలు. గ-మ, ని-స లాంటి ఇరుకు జంటలు (బాగా దగ్గరగా ఉండే స్వరాలు) ఉండవు కాబట్టి ఎవరు ఎప్పుడు కొట్టినా చెవికి గుచ్చుకోదు. తర్వాత ఎనిమిదీ ఇచ్చి, నిమిషానికి 60 దెబ్బల లయలో కింది స నుంచి పై స దాకా వాయించమనండి. రెండో సారికే లయ ఈడుస్తుంది. పక్కవాడి మోత విన్నాక చెయ్యెత్తడమే కారణం. అందరూ నోటితో లెక్కపెడుతూ, తమ వంతుకు ఒక దెబ్బ ముందే చెయ్యెత్తితే సర్దుకుంటుంది.

కొట్టాల్సింది అరచేతి మీద, తొడ మీద. బల్ల అంచుకు కొడితే సొట్టపడి మోత మందగిస్తుంది. (చేతికివ్వగానే కత్తియుద్ధం ఖాయం, సైగ చేసేదాకా గొట్టం భుజానికి ఆనించి ఉంచమనాలి.) పట్టుకునేటప్పుడు చివరి రంధ్రం అరచేత్తో మూయకూడదు, మూస్తే స్వరం ఒక స్థాయి (పై స నుంచి కింది స కు ఉన్నంత దూరం) కిందికి దిగుతుంది. విడిగా అమ్మే ఆక్టవేటర్ మూతల కిటుకూ అదే.

సైన్సు పాఠానికి ఇంకా బాగుంటుంది. పై షడ్జం పొడవు సరిగ్గా సగం, అంటే 31.5 ఉండాలని పిల్లలు లెక్కవేస్తారు. కొలిస్తే దాదాపు 30 వస్తుంది. కంపించే గాలి రెండు చివర్లలోనూ గొట్టం దాటి కాస్త బయటికి వస్తుంది. ఆ అదనం రెండు గొట్టాలకీ ఒకటే కాబట్టి పొట్టిదాని పొడవు సగంకన్నా తగ్గుతుంది.

లోపాలూ ఉన్నాయి. మోత వెంటనే ఆరిపోతుంది, దీర్ఘస్వరం పలకదు. కింది స, పై స రెండూ ఎరుపే, ఒకదానికి టేపు చుట్టుకోవాలి. ఈ ఎనిమిదితో సరళీ వరసలు (కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు) కుదరవు: వాటి రాగమైన మాయామాళవగౌళకు శుద్ధ రిషభం, శుద్ధ ధైవతం (రి, ద లలో కింది రకాలు) కావాలి, అవి విడిగా కొనాల్సిన అయిదు గొట్టాల సెట్టులో ఉంటాయి. 40 మంది తరగతికి ఒక సెట్టు ఏ మూలకూ రాదు. కనీసం రెండు తెప్పించి, మిగతావాళ్లచేత తాళం వేయించండి. ఆవృత్తికోసారి (తాళం ఒక చుట్టు పూర్తయినప్పుడల్లా) గొట్టాలు చేతులు మారాలి.