జంతికల డబ్బాలో డెబియన్: 2007 నుంచి డీవీడీలతో నా వాడకం

గాజువాకలో మాకో చిన్న కంప్యూటర్ ల్యాబ్ ఉంది. పన్నెండు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టర్, ఒక ఇనప బీరువా. బీరువా పై అరలో జంతికలు మెత్తబడకుండా దాచుకునే స్టీలు డబ్బా ఒకటుంటుంది. అందులో ఉన్నవి డెబియన్ లైనక్స్ డీవీడీలు. డెబియన్ అంటే విండోస్‌లా కంప్యూటర్‌ని నడిపే సిస్టమ్, దానితో పాటు వేలకొద్దీ ప్రోగ్రామ్‌లు. 2007లో వచ్చిన ఎచ్ అనే వెర్షన్ నుంచి మొదలుపెట్టి లెనీ, స్క్వీజ్, వీజీ, ఆ తర్వాతి వెర్షన్లు కొన్ని. ఇంటర్నెట్ ఇంత చవకయ్యాక కూడా వీటిని ఎందుకు దాచుకున్నానని చాలామంది అడుగుతారు. ఇన్నేళ్లు వాడాను కాబట్టి మంచీ చెడూ రెండూ చెప్పగలను.

అంతకుముందు పత్రికలతో పాటు వచ్చే లైనక్స్ సీడీలతో నెట్టుకొచ్చేవాళ్లం. సిస్టమ్ బాగానే ఎక్కేది. తర్వాత ఒక్క ప్యాకేజీ, అంటే ఎక్కించుకోవడానికి కట్టి ఇచ్చిన ప్రోగ్రామ్, కలుపుదామంటే చాలు, టెన్షన్ మొదలయ్యేది. ఒకటి ఎక్కించబోతే ఇంకో రెండు కావాలంటుంది. ఆ రెండింట్లో ఒకటి సీడీలో ఉండదు. ఒక మిత్రుడు సోలారిస్ 8 అనే యూనిక్స్ సిస్టమ్ ఉన్న మెషీన్ చూసుకునేవాడు, అతని దగ్గర స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉన్న కంపానియన్ సీడీ ఉండేది. అక్కడ కూడా ప్యాకేజీ-యాడ్ కమాండ్ ఫలానా ప్యాకేజీ లేదని చెప్తుందే గానీ, దాన్ని వెతికి తేదు. అన్నీ ఎక్కాక కూడా విడిగా ఒక డైరెక్టరీలో కూర్చుంటాయి. ఆ దారిని పాత్‌లో, అంటే సిస్టమ్ కమాండ్లని వెతికే చోట్ల జాబితాలో, మనమే కలపాలి. ఇవన్నీ పడ్డాకే డెబియన్ వైపు చూశాను.

చూడగానే చేతికి రాలేదు. అప్పట్లో మా కనెక్షన్ 256 కేబీపీఎస్. రాత్రి రెండింటి నుంచి పొద్దున ఎనిమిది దాకా ఎంత డౌన్‌లోడ్ చేసుకున్నా లెక్కలోకి రాని ప్లాన్. ఆ ఆరు గంటలూ లైన్ ఒక్కసారి కూడా తెగకపోతే వచ్చేది దాదాపు 690 ఎంబీ. అంటే రాత్రికి ఒక సీడీ. ఎచ్ మొత్తం మూడు డీవీడీలు, ఒక్కోటి 4.4 జీబీ దాకా ఉంటుంది. ఇరవై రాత్రులు దాటింది. డబ్ల్యూగెట్ అనే డౌన్‌లోడ్ ప్రోగ్రామ్‌కి 'సీ' ఆప్షన్ ఇస్తే తెగిన చోటి నుంచి మళ్లీ అందుకుంటుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే నావల్ల అయ్యేది కాదు. పొద్దున్నే టీ పెట్టుకునే ముందు ఎంత వచ్చిందో చూసుకోవడం ఆ నెలంతా నాకు అలవాటైపోయింది.

డిస్కులు రైట్ చేసి, వాటిని సిస్టమ్‌కి పరిచయం చేసే 'ఆప్ట్-సీడీరామ్ యాడ్' కమాండ్ మొదటిసారి కొట్టిన రోజు ఇప్పటికీ గుర్తుంది. డిస్క్ పెట్టమంటుంది, ఎంటర్ కొట్టాలి. డ్రైవ్ గుర్రుమని తిరుగుతుంది. డిస్క్ పేరు చదువుకుంటుంది, అందులో ఉన్న ప్యాకేజీల జాబితాను హార్డ్ డిస్క్ మీదకి తెచ్చుకుంటుంది, ప్యాకేజీలు ఎక్కణ్ణుంచి తేవాలో గుర్తుపెట్టుకునే సోర్సెస్ డాట్ లిస్ట్ ఫైల్లో ఒక లైన్ రాసుకుంటుంది. మూడు డిస్కులకీ ఒక్కసారి ఇలా చేస్తే చాలు. ఆ తర్వాత 'ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్' అని ప్యాకేజీ పేరు ఇస్తే, అది ఏ డిస్క్‌లో ఉందో, దానికి తోడుగా ఏమేం కావాలో సిస్టమే లెక్క చూసుకుని, ఫలానా పేరున్న డిస్క్‌ని డ్రైవ్‌లో పెట్టి ఎంటర్ కొట్టమని అడుగుతుంది. కావాల్సినవన్నీ నా చేతిలోనే ఉన్నాయి, ఎక్కడుందో వెతుక్కునే పని నాది కాదు. అంతకుముందు పడిన తిప్పలు తెలిసినవాడికి ఇది ఎంత పెద్ద ఊరటో చెప్పలేను.

ఆ రోజే తెలుగు ఫాంట్ల ప్యాకేజీ ఎక్కించాను. తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు తయారుచేసిన పోతన, వేమన ఫాంట్లు అందులో ఉంటాయి. అప్పటిదాకా డబ్బాలు డబ్బాలుగా కనిపించిన పేజీలో ఒత్తులు, గుడులు సరిగ్గా కూర్చున్నాయి. పక్క కుర్చీలో ఉన్న కుర్రాడు తెర దగ్గరకి వంగి పైకే చదవడం మొదలుపెట్టాడు.

ఆ కుర్రాడే అడిగాడు, "సార్, ఇది కాపీ చేసి ఇస్తారా? తప్పేం కాదు కదా?" అని. తప్పు కాదు, ఇంకో పదిమందికి కూడా ఇచ్చుకో అన్నాను. ఖాళీ డిస్క్ ఖరీదు తీసుకుంటే దానికీ అభ్యంతరం లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ కూడా 1985లో తన ఈమాక్స్ ఎడిటర్ ఉన్న టేపును 150 డాలర్లకు పంపేవారు. స్వేచ్ఛ అంటే వాడుకోవడానికి, చూసుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి ఉన్న హక్కు. ధరతో దానికి పేచీ లేదు. ప్రోగ్రామ్‌ల మూల కోడ్ ఉన్న సోర్స్ డిస్కులు కూడా డెబియన్ విడిగా ఇస్తుంది. నేను రెండు మూడుసార్లకి మించి తెరవలేదు గానీ, కావాలన్నవాడికి అందుబాటులో ఉండటం నాకు ముఖ్యం.

ఇక ఇబ్బందులు. మొదటిది, డిస్కులు మార్చడం. పెద్ద ప్యాకేజీల గుంపు ఎక్కించేటప్పుడు మొదటిది పెట్టు, మూడోది పెట్టు అంటూ కూర్చోబెడుతుంది. టీకి వెళ్లొస్తే సగంలో ఆగి మన కోసమే చూస్తుంటుంది. రెండోది, ఒక్కోసారి ట్రే బయటికి రాదు. డివైస్ బిజీ అంటుంది. పది నిమిషాలు బటన్ నొక్కీ నొక్కీ చూస్తే, వేరే టెర్మినల్ ఒకటి ఆ డిస్క్ డైరెక్టరీలోనే నిలబడి ఉంటుంది. అక్కణ్ణుంచి బయటికొచ్చి అన్‌మౌంట్ చేస్తే, అంటే డిస్క్‌ని సిస్టమ్ నుంచి విడదీస్తే, డిస్క్ వస్తుంది. మా పిల్లలకి మొదటి వారంలోనే ఇది చెప్పేస్తాను. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: డిస్క్ తయారైన రోజు దగ్గరే అందులోని సాఫ్ట్‌వేర్ ఆగిపోతుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు వేరే సర్వర్ నుంచి రావాలి. ఇంటర్నెట్‌కి తగిలించే మెషీన్‌ని ఒక్క డిస్కులతోనే ఎప్పటికీ నడపకండి. వైఫై సంగతి కూడా చెప్పాలి. చాలా చిప్‌లకి కావాల్సిన ఫర్మ్‌వేర్ (చిప్‌ని నడిపే చిన్న ప్రోగ్రామ్) స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి, 2023 జూన్‌లో డెబియన్ 12 వచ్చేదాకా అధికారిక డిస్కుల్లో ఉండేది కాదు. పెన్‌డ్రైవ్‌లో విడిగా పెట్టుకునేవాళ్లం.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను సంగతి విశాఖ వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ల్యాబ్ కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టింది. కిటికీ వైపున్న మూడు మెషీన్లు తడిసిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఇంటర్నెట్ మాట ఎత్తేవాడే లేడు. బీరువా తలుపు మాత్రం గట్టిగా పట్టి ఉంది. నాలుగో రోజు వీధిలో అందరం కలిసి అద్దెకి జనరేటర్ తెచ్చాం. కప్పులెగిరిపోయిన ఇళ్ల జాబితాలు తయారుచేస్తున్న కుర్రాళ్లు మా దగ్గరికొచ్చి, "సార్, ఒక్క మెషీన్, ఒక్క ప్రింటర్ ఉంటే చాలు" అన్నారు. ఆరిన ఒక మెషీన్‌లో కొత్త హార్డ్ డిస్క్ బిగించి, వీజీ మొదటి డీవీడీ పెట్టాను. జనరేటర్ ఆగితే మళ్లీ మొదటికొస్తుందన్న భయంతో అక్కణ్ణుంచి కదల్లేదు. సిస్టమ్, లిబ్రెఆఫీస్, ప్రింటర్ డ్రైవర్, తెలుగు ఫాంట్లు, అన్నీ డిస్కుల నుంచే ఎక్కాయి. పీడీఎఫ్‌లు కలిపే పీడీఎఫ్‌టీకే కోసం ఇంకో డిస్క్ అడిగింది, అదీ డబ్బాలోనే ఉంది. ఎక్కడా ఎవరి సర్వరూ అక్కర్లేకుండా, సాయంత్రానికి కాగితాలు బయటికొచ్చాయి. ఈ డిస్కుల మీద నాకున్న గౌరవంలో సగం ఆ ఒక్కరోజుదే.

వీజీ మొత్తం పది డీవీడీలు. నేను రైట్ చేసుకున్నవి మూడే. ఎక్కువమంది వాడే ప్యాకేజీలు ముందు డిస్కుల్లో పడేలా డెబియన్ వాళ్లే సర్దుతారు, అందుకని మామూలు ల్యాబ్‌కి మొదటి మూడూ సరిపోతాయని ఇన్నేళ్లలో తేలింది. పదీ రైట్ చేసుకుని డబ్బు తగలేయకండి.

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇంకో మాట. మన ఉప్పుగాలి డిస్కులకీ డ్రైవులకీ మంచిది కాదు. డ్రైవ్ లెన్స్ మీద తేమ, దుమ్ము కలిసి పొరలా పట్టి, మంచి డిస్క్ కూడా చదవలేనంటుంది. కొత్తలో డిస్క్ పాడైందనుకుని రెండు పారేశాను, తీరా చూస్తే తప్పు డ్రైవ్‌ది. సీడీలో వెండి పొర పేరు రాసే వైపే ఉంటుంది, దాని మీద పల్చటి లక్క పూత అంతే. బాల్‌పెన్‌తో గట్టిగా రాస్తే పోయినట్టే. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది, అందుకే అవి కాస్త ఎక్కువ కాలం నిలిచాయి. మెత్తటి మార్కర్ వాడండి. రైట్ చేసేటప్పుడు తక్కువ స్పీడ్ పెట్టండి. అయ్యాక ఇన్‌స్టాలర్ మెనూలో డిస్క్ సరిచూసే ఆప్షన్ ఒకటి ఉంటుంది, దాన్ని తప్పకుండా నడపండి. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా డబ్బాలో వేస్తాను.

ఇప్పుడు కొత్త మెషీన్లకి అసలు డ్రైవే ఉండటం లేదు. ద్వారకానగర్‌లో యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ అడిగితే షాపులో అబ్బాయి, "ఏటి సార్, ఇంకా డిస్కులేనా?" అన్నాడు, కానీ లోపలికెళ్లి వెతికి తెచ్చిచ్చాడు. నేనూ పద్ధతి మార్చాను. డిస్కుల పూర్తి నకలు ఫైళ్లయిన ఐఎస్ఓలన్నీ ఒక పాత మెషీన్‌లో ఉంచి, వాటిని డిస్కుల్లాగే తెరుచుకునేలా లూప్ మౌంట్ చేసి, అపాచీ అనే వెబ్ సర్వర్ ద్వారా ల్యాబంతటికీ అందిస్తున్నాను. డిస్కులు మార్చే బాధ పోయింది, పన్నెండు మెషీన్లూ ఒకేసారి తీసుకుంటాయి. డెబియన్ ఇప్పుడు మొదటి డీవీడీని నేరుగా ఐఎస్ఓగా ఇస్తుంది, మిగతావి జిగ్డో అనే ప్రోగ్రామ్‌తో ముక్కలు తెచ్చి కూర్చుకోవాలి. ఓపిక ఉంటే కష్టమేం కాదు.

డబ్బా మాత్రం బీరువాలోనే ఉంది. పోయిన నెల అన్నీ తీసి సరిచూశాను. ఎచ్ మొదటి రెండూ చక్కగా చదివాయి. మూడోది సగం దాటాక ఎర్రర్లు ఇచ్చింది. దాని ఐఎస్ఓ హార్డ్ డిస్క్ మీద భద్రంగా ఉంది, ఈ ఆదివారం కొత్త డిస్క్ మీదకి రైట్ చేస్తాను.